దేశం అప్పు సరే, నా వాయిదా ఏం చెయ్యాలి?

అన్నలూ, అక్కలూ, మాది శ్రీకాకుళం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర చిన్న జిరాక్స్ షాపు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి షట్టర్ దించాను. ఇప్పుడు జులై. తెరిచినా కాలేజీలు లేవు, బేరాల్లేవు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. పాపకి ఆన్‌లైన్ క్లాసు, అదీ డాబా ఎక్కితేనే సిగ్నల్.

రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 దాకా అప్పుల వాయిదాలు కట్టడం ఆపుకోవచ్చంది కదా, ఆపేశాను. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉందని నిన్న బ్యాంకుకెళ్తేగానీ తెలీలేదు. ప్రాణం ఉసూరుమంది.

కేంద్రం కూడా ఈ ఏడాది తెచ్చే అప్పుని 7.8 లక్షల కోట్ల నుంచి 12 లక్షల కోట్లకి పెంచిందట. దానికి ఇంత ఎవరిస్తారు? మే నెలలో పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయలు సుంకం పెంచారు. తీర్చేది ఇలా మన దగ్గర్నుంచేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నా దగ్గర ఒక్క వాయిదాకి సరిపడా డబ్బుంది. అది బ్యాంకుకి కట్టమంటారా, షాపు అద్దెకి ఇమ్మంటారా?