భయదేవుణ్ణి బంధించాక కాపలా ఎవరితో పెట్టించాలి?

నేను రాస్తున్న కల్పిత పురాణంలో ఒక చిక్కుముడి ఉంది, సాయం కావాలి. భయానికి అధిదేవుడైన చీకటి దేవుడు ఓడిపోయి పాతాళంలో బందీ అవుతాడు. జనం భయమే అతని ఆహారం. అలాంటప్పుడు లోకమంతా వణుకుతున్న రోజే అతనికి బలం ఎక్కువ ఉండాలి కదా, మరి ఓడేదెలా? ధైర్యశాలి ఒకడొచ్చి పడగొట్టాడంటే పాఠకుడు నమ్మడు. ఒక్కడి ధైర్యం లక్షమంది భయానికి చెల్లుకాదు.

ప్రస్తుతం పెట్టిన నియమం: పేరు తలచి భయపడితేనే బలం చేరుతుంది. దేవతలు ఆ పేరును మనుషుల జ్ఞాపకంలోంచి చెరిపేస్తారు. భయం మిగులుతుంది, చిరునామా పోతుంది. పతనం వరకు ఇది బాగానే ఉంది, కాపలా దగ్గరే తేడా కొడుతోంది. పేరు తెలియకపోతే కాపలావాళ్ళు దేన్ని కాస్తున్నట్టు? తెలిస్తే వాళ్ళ భయమే అతన్ని మేపుతుంది. నలుగురికి తలా ఒక అక్షరం పంచితే? నలుగురూ ఒకచోట చేరితే పేరు పూర్తవుతుంది, కథకు అది పనికొస్తుంది కూడా. కానీ ఒకడు చస్తే అక్షరం వారసుడికి ఎలా చేరాలి?

ఇంకొకటి. మహాభారతంలో భయుడు అధర్ముడి కొడుకు, గ్రీకుల భయదేవుడు ఫోబోస్, యుద్ధదేవుడైన ఏరీస్ కొడుకు. రెండుచోట్లా భయం ఇంకొకరి సంతానమే. ఈ దేవుడికీ తండ్రిని పెడితే, పతనానికి కారణం ఓటమి కన్నా తండ్రి శాపమే అయితే బలం లెక్క సరిపోతుందా?