క్లిండమైసిన్ సెన్సిటివ్ అని వచ్చింది, రిపోర్ట్ ఇచ్చేయొచ్చా?

కొత్తల్యాబ్: చీము శాంపిల్‌లో స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. ఎరిత్రోమైసిన్ రెసిస్టెంట్ (ఆ మందుకి లొంగలేదు), క్లిండమైసిన్ జోన్ (డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) మాత్రం పెద్దగానే ఉంది. డాక్టర్‌గారు రిపోర్ట్ కోసం ఫోన్ చేస్తున్నారు. సెన్సిటివ్ అని రాసేయనా?

అగార్‌ప్లేట్: అప్పుడే వద్దండీ, డీ టెస్ట్ చేయండి. మ్యూలర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) మీద 15 మైక్రోగ్రాముల ఎరిత్రోమైసిన్, 2 మైక్రోగ్రాముల క్లిండమైసిన్ డిస్కులు (మందు అద్దిన కాగితం బిళ్లలు) 15 నుంచి 26 మి.మీ. ఎడంలో పెట్టండి. మర్నాడు క్లిండమైసిన్ జోన్ ఎరిత్రోమైసిన్ వైపు నొక్కేసినట్టు చదునుగా ఉంటే రెసిస్టెంట్ కిందే లెక్క. ఇందులో ఈ రెండు మందులకూ రెసిస్టెన్స్ ఇచ్చే ఎర్మ్ జీన్ ఎరిత్రోమైసిన్ తగిలితేనే పనిచేయడం మొదలుపెడుతుంది, క్లిండమైసిన్ డిస్క్ ఒక్కటే పెడితే ఎంత చూసినా బయటపడదు. కానీ మందు వాడుతుండగా ఆ జీన్ ఎప్పుడూ పనిచేసేలా మారిన బ్యాక్టీరియా పెరిగి, మందు పనిచేయకుండా పోవచ్చు.

ఎంఐసీ: పైన చెప్పింది కరెక్ట్. ఇనాక్యులమ్ (ప్లేట్ మీద పూసే బ్యాక్టీరియా ద్రవం) కూడా చూసుకోండి, 0.5 మెక్‌ఫార్లాండ్ (ఆ ద్రవం చిక్కదనానికి కొలత) కంటే చిక్కగా ఉంటే జోన్ చిన్నదైపోతుంది, అగార్ 4 మి.మీ. కంటే పల్చగా పోస్తే పెద్దదై రెసిస్టెంట్ కూడా సెన్సిటివ్‌లా కనిపిస్తుంది.

రాత్రిడ్యూటీ: ఇంత తంటా దేనికి, జీన్లు వెతికే పీసీఆర్ టెస్ట్ పెడితే గంటల్లో తేలిపోదా?

ఎంఐసీ: మెక్ ఏ జీన్ దొరికితే ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కి లొంగని స్టాఫ్) అని త్వరగా తెలుస్తుంది, అది నిజంగా పెద్ద సాయం. కానీ మనం వెతికిన జీన్లే పీసీఆర్‌కి కనిపిస్తాయి. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలో మెరోపెనెమ్‌లాంటి మందుల్ని విరగ్గొట్టే జీన్లు కేపీసీ, ఎన్‌డీఎం, ఆక్సా-48 ఏవీ లేకపోయినా, పోరిన్లు (మందు లోపలికి వెళ్లే రంధ్రాలు) పోయి పైగా ఈఎస్‌బీఎల్ (కొన్ని యాంటీబయాటిక్‌లని విరగ్గొట్టే ఎంజైమ్) ఉంటే మెరోపెనెమ్ పనిచేయకపోవచ్చు. నెగెటివ్ వచ్చిందని సెన్సిటివ్ అనేస్తే ఆ పేషెంట్ గతేం కాను? అందుకే కల్చర్ (బ్యాక్టీరియాని పెంచి మందు పెట్టి చూడటం) మానకూడదు.

కొత్తల్యాబ్: ప్లేట్ తీశాను, ఒకవైపు స్పష్టంగా చదునుగా ఉంది! క్లిండమైసిన్ రెసిస్టెంట్ అని, డీ టెస్ట్ పాజిటివ్ అని రాసి పంపించాను. వాంకోమైసిన్‌కి కూడా డిస్క్ పెట్టాను, 17 మి.మీ. వచ్చింది, సరిపోతుందా?

అగార్‌ప్లేట్: స్టాఫ్‌కి వాంకోమైసిన్ డిస్క్ నమ్మొద్దు, అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్‌లో (ద్రవంలో మందుని రకరకాల మోతాదుల్లో కలిపి చూసే పద్ధతి) ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మోతాదు, చూడండి, 24 గంటలూ నిండాకే చదవండి. కొలిస్టిన్ అనే మందుకీ డిస్క్ నమ్మొద్దు, ఎవరైనా డిస్క్ జోన్ చూపిస్తే ఒప్పుకోకండి.