అప్‌డేట్: పీహెచ్‌డీ లేకుండానే యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది

మూడు నెలల క్రితం అడిగాను కదా, అకౌంట్స్‌లో ఆరేళ్ల అనుభవం ఉంది, పీహెచ్‌డీ లేదు, పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీలో నాలాంటి వాళ్లకి పని దొరుకుతుందా అని. దొరికింది. గ్రాంట్స్ ఆఫీసులో, అంటే రీసెర్చ్‌కి వచ్చే నిధుల వ్యవహారం చూసే చోట.

అప్పటిదాకా యూనివర్సిటీ అంటే ప్రొఫెసర్లు, క్లర్కులు, అంతే అనుకునేవాణ్ణి. పోస్టులు చూస్తే ల్యాబ్ మేనేజర్, మైక్రోస్కోప్ టెక్నీషియన్, డేటా మేనేజర్, ఎథిక్స్ కమిటీ కోఆర్డినేటర్, పేటెంట్ల వ్యవహారం చూసేవాళ్లు... చాలానే ఉన్నాయి.

మీలో ఒకరు చెప్పిన మాట బాగా పనికొచ్చింది: "అర్హతల్లో తప్పనిసరి అన్నవాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, ప్రతిదానికీ నువ్వు చేసిన పని ఒకటి రాయి." మొదటి నాలుగు అప్లికేషన్లు ఒకే రెజ్యూమే పంపి పోగొట్టుకున్నాను. ఐదోది అలా రాశాక ఇంటర్వ్యూకి పిలిచారు. అక్కడ ఓ బడ్జెట్ షీట్ చేతికిచ్చి తప్పెక్కడుందో చెప్పమన్నారు. గ్రాంట్ గడువు జూన్‌లో ముగుస్తుంటే ఆగస్టులో కొన్న పరికరం అందులో రాసి ఉంది, అదే పట్టుకున్నాను!

ఒక్క టెన్షన్ మాత్రం ఉంది. నాది రెండేళ్ల కాంట్రాక్ట్, జీతం ఒక ప్రాజెక్ట్ నిధుల నుంచే వస్తుంది, అవి అయిపోతే పోస్టూ పోతుంది. ఆఫర్ మీద సంతకం పెట్టే ముందే ఇది అడిగి తెలుసుకున్నాను. లోపలివాళ్లకే ముందు తెరిచే పోస్టులు కూడా ఉంటాయట, ఆరు నెలలయ్యాక అటు చూస్తాను.