ఫ్రాంక్ జాన్సన్‌ను “జిల్లా జడ్జి” అనవచ్చా?

ప్రశ్న: అమెరికా పౌరహక్కుల ఉద్యమం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఫ్రాంక్ జాన్సన్ గారిని “అలబామా జిల్లా జడ్జి” అని రాశాను. చదివిన మిత్రుడు, “జిల్లా జడ్జి గవర్నరునే ఆదేశించారా?” అని అడిగారు. ఏ మాట వాడాలి?

జవాబు: మీ మిత్రుడు ఆగవలసిన చోటే ఆగారు. జిల్లా అనగానే మనకు కలెక్టరాఫీసు, దాని పక్కన కోర్టు ఆవరణ గుర్తొస్తాయి. అలబామాలో ఆ స్థాయి విభాగం కౌంటీ; అవి 67. ఫెడరల్ కోర్టు డిస్ట్రిక్టులు మాత్రం రాష్ట్రం మొత్తానికి మూడే. మోంట్‌గోమరీ కేంద్రంగా ఉన్న మధ్య డిస్ట్రిక్టు జాన్సన్‌ది.

పదవి కూడా వేరు. మన జిల్లా జడ్జిని హైకోర్టును సంప్రదించి గవర్నరు నియమిస్తారు. జాన్సన్‌ను 1955లో నియమించింది అధ్యక్షుడు ఐసన్‌హోవర్. సెనేటు ఆమోదించాక ఆ పదవికి గడువు లేదు; రాజ్యాంగం మాటల్లో “సత్ప్రవర్తన ఉన్నంత కాలం”. అభిశంసిస్తే తప్ప కదిలించలేరు.

ఇది తెలియకపోతే ఆయన జీవితం అర్థం కాదు. మోంట్‌గోమరీ బస్సుల్లో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడం చెల్లదని 1956లో 2-1తో తీర్పు వచ్చింది. ఆ ఇద్దరిలో ఆయనొకరు. బెదిరింపుగా ఆయన ఇంటి ముందు శిలువ తగలబెట్టారు. 1967లో తల్లి ఇంటి మీద బాంబు వేశారు. ఆమె క్షేమంగా బయటపడ్డారు. అయినా 1979లో అప్పీళ్ల కోర్టుకు వెళ్ళేదాకా ఆయన ఆ కుర్చీ వదల్లేదు. 1965లో ఓటుహక్కు కోసం సెల్మా ఊరి నుంచి మోంట్‌గోమరీకి నల్లవారు తలపెట్టిన పాదయాత్రకు అడ్డుపడవద్దని, నడిచేవారికి రక్షణ కల్పించాలని గవర్నర్ వాలెస్‌ను ఆదేశించారు. వారిద్దరూ లా కాలేజీలో కలిసి చదువుకున్నవారే!

ఆ ఉత్తర్వులోని ఒక మాట మీ వ్యాసంలోనూ వస్తుంది కనుక చెబుతున్నాను. రహదారి మీద శాంతియుతంగా నడిచే హక్కు ఎంతవరకు అన్నది, ఏ అన్యాయాల మీద నిరసనో వాటి “ఎనార్మిటీ”కి తగ్గట్టు ఉండాలన్నారు. దయచేసి దాన్ని “పరిమాణం” అనకండి. ఓటు అడిగినందుకు సెల్మా వంతెన మీద పోలీసుల లాఠీ దెబ్బలు తిన్నవారి గురించి రాసిన వాక్యం అది. “ఘోరం” అంటేనే దాని బరువు తెలుస్తుంది.

ఇంకొకరు: “ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి” అని అలాగే ఉంచేస్తే?

జవాబు: డిస్ట్రిక్ట్ అన్నా మనవాళ్ళు జిల్లా అనే చదువుకుంటారండీ. ఆ కోర్టు చేసే పని చెబితే మేలు. సాక్షులను విచారించి మొదటి తీర్పు ఇచ్చేది అదే. పైగా మన వాడుకలో కింది కోర్టుల వారిని న్యాయాధికారులంటాం, హైకోర్టు వారిని న్యాయమూర్తులంటాం. జాన్సన్‌కు రెండోదే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాను: “మోంట్‌గోమరీలోని ఫెడరల్ విచారణ కోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్”. “ఘోరం” కూడా తీసుకున్నాను. ధన్యవాదాలు.