బొలెరో పికప్ తొట్టిలో పడకగది: ఇంటి షెడ్డులో కట్టినవాళ్లు ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పండి

తోతాపురి_బండి:
నమస్కారం. మాది చంద్రగిరి పక్కన పల్లె. ఒక బొలెరో పికప్ ఉంది. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి తోలేటప్పుడు దానికి ఊపిరాడదు. ఆ తరువాత ఎప్పుడైనా ఎరువుల బస్తాలు, ఇల్లు మారేవాళ్ల సామాను. మిగతా రోజులంతా షెడ్డులో నిద్రే. "అది పడుకునే బదులు మనమే అందులో పడుకుంటే పోదా" అని మా ఆవిడ నవ్వులాటకు అన్న మాట నా బుర్రలో తొలుచుకుంటూ కూర్చుంది.

తొట్టిలోకి ఎక్కించుకుని, కాయల కాలం రాగానే దింపేయగలిగే గది కావాలి. తొట్టి లోపల కొలత 9 అడుగుల పొడవు, ఐదున్నర పైచిలుకు వెడల్పు. నా ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు కాబట్టి అడ్డంగా పడుకుంటే కాళ్లు ముడుచుకోవాలి. అందుకని పరుపు నిలువుగానే. అంగుళం స్క్వేర్ పైపుతో చట్రం సగం అతికించాను. వెల్డింగ్ నేర్పింది మా బావమరిది. అతుకులు కందిరీగ గూళ్లలా ఉన్నా ఊడవు. వచ్చే వారం గోడలకు ప్లైవుడ్ కొనబోతున్నాను. ఈలోపు మీరు పోగొట్టుకున్న డబ్బు సంగతి చెబితే నా డబ్బు మిగులుతుంది. సిగ్గుపడకండి.

పాకాల_పాతబండి:
సిగ్గుపడాల్సింది ముందుగా నేనే. గదిని షెడ్డులో, బండి మీదే పెట్టి నాలుగు నెలలు కట్టాను. షట్టర్ ఎత్తు కొలిచాను, గది ఎత్తు కొలిచాను, రెండంగుళాలు మిగిలింది. చివర్లో గాలి కోసం పైకప్పుకు ఒక మూత బిగించాను. దాన్ని మాత్రం కొలవలేదు. మంచిరోజు చూసి, టెంకాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బంధువులంతా బయట నిలబడి ఉండగా బండి కదిలించాను. నిమ్మకాయలు చితికాయి. ఆ వెంటనే పైన ఇంకేదో చితికింది.

నాలుగు టైర్లలో గాలి తీసేశాం, చాలలేదు. ఇంటి పని కోసం తెచ్చిన సిమెంటు బస్తాలు పదిహేను లోపలికి ఎక్కించాం. కమాన్ కట్టలు, అంటే బండి స్ప్రింగులు, దిగాయి. అప్పుడు వేలు పట్టేంత సందుతో బయటపడింది. కాబట్టి తమ్ముడూ, షట్టర్ చుట్ట కిందికి వేలాడే చోట కొలువు, గోడ దగ్గర కాదు. ఖాళీ బండి ఎత్తు, లోడు బండి ఎత్తు ఒకటి కాదు. నీళ్లన్నీ వాడేసి ఊరి నుంచి తిరిగొచ్చిన బండి పోయినప్పటికన్నా ఎత్తుగా ఉంటుంది. లోపలికి వచ్చేటప్పుడు తగిలేది అందుకే.

కాటా_చీటీ:
చిత్తూరులో వడ్రంగం నా వృత్తి. నాకు తెలిసిన పని చెక్కపని కాబట్టి మొదటి గదిని ఇంట్లో బీరువా చేసినట్టే చేశాను. గోడలకు 18 ఎం.ఎం. ప్లైవుడ్, మైకా, సొరుగులు, వంటగట్టు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మోయాల్సింది మా టాటా ఏస్. దాని మోత ముప్పావు టన్ను దగ్గర. అనుమానం వచ్చి వేబ్రిడ్జి కాటా ఎక్కించాను. ముందు తూచిన ఖాళీ బండి చీటీ పక్కన పెట్టి చూస్తే గది ఒక్కటే 640 కిలోలు. నీళ్లు లేవు, పరుపు లేదు, మనిషి లేడు. అంతకుముందే మొగిలి ఘాట్ దిగుతూ బ్రేకుల నుంచి మాడు వాసన ఎందుకొచ్చిందో ఆ చీటీ చూశాక అర్థమైంది.

లెక్క చెబుతాను. 18 ఎం.ఎం. ప్లైవుడ్ షీటు, ఎనిమిదడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పుది, ఒకటి 35 కిలోల పైన తూగుతుంది. 6 ఎం.ఎం. అయితే 12 కిలోల దగ్గర. అదే కొలతకు 1 ఎం.ఎం. అల్యూమినియం రేకు 8 కిలోలు. మీ అంగుళం పైపు 1.6 ఎం.ఎం. మందం అయితే మీటరుకు కిలో దాటుతుంది, 60 మీటర్లు వాడితే 70 కిలోలు. నీళ్లకు లెక్క అక్కరలేదు, లీటరుకు కిలో.

మొత్తం విప్పేశాను. ఏడుపొచ్చింది, నిజంగానే. రెండోసారి పైపు చట్రం, బయట అల్యూమినియం రేకు రివెట్లతో, లోపల 4 ఎం.ఎం. ప్లై. బీరువాల స్థానంలో గట్టి కాన్వాసు గుడ్డ సంచులు గోడకు వేలాడదీశాను. 310 కిలోలకు వచ్చింది. మీ ఆర్‌సీలో రాసి ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. వచ్చిన అంకెలో గది, నీళ్లు, బ్యాటరీ, మీరు, మీ ఆవిడ, ఆవిడ తెచ్చే సామాను అన్నీ ఇమడాలి. బరువైనవి కిందా, వెనక ఇరుసుకు ముందూ ఉంచండి. పైకప్పు మీద స్టెప్నీ పెట్టిన ఒకాయన బండి మలుపులో తాగినవాడిలా ఊగడం నా కళ్లతో చూశాను.

తోతాపురి_బండి:
ప్లైవుడ్ దుకాణానికి ఫోను చేసి ఆర్డరు ఆపించాను. ఎనిమిది షీట్లు, 18 ఎం.ఎం. మీకు ఒక తట్ట కాయలు బాకీ.

రిటైర్డ్_గుమాస్తా:
అందరూ కొలతలు చెబుతున్నారు, కాగితాల మాట ఎవరూ ఎత్తడం లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పడకలు, వంటగది ఉన్న వాహనాన్ని అలాగే నమోదు చేయించాలంటే ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది. అది షెడ్డులో తేలే పని కాదు.

మీ గది దింపగలిగేది కాబట్టి లోడు అని వాదించవచ్చు. నేను కూడా అలాగే వాదిస్తాను. కానీ రోడ్డు మీద ఆపిన అధికారి ఒప్పుకోవాలని రూలేమీ లేదు. కాబట్టి ఛాసిస్‌కు రంధ్రం వేయవద్దు, తొట్టి డోర్లు కోయవద్దు, ఏదీ శాశ్వతంగా అతికించవద్దు. గది తొట్టి వెడల్పు దాటకూడదు. కొలతలు రాసిన కాగితం, ఫోటోలు పట్టుకుని రవాణా కార్యాలయానికి ముందే వెళ్లి అడగండి. బీమా కంపెనీకి రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. మరొక్కటి, బండి కదులుతున్నప్పుడు వెనక గదిలో మనిషి ఉండకూడదు. సరుకు బండి తొట్టిలో మనుషులను ఎక్కించడం తప్పు, అది పరుపు మీదైనా సరే. పిల్లలు మారాం చేసినా వినకండి.

మదనపల్లె_టీచర్:
నేనూ మా చెల్లెలూ రెండేళ్లుగా ఇలాంటి గదిలోనే సెలవులు గడుపుతున్నాం. మగవాళ్లు మాట్లాడని రెండు విషయాలు చెబుతాను.

ఒకటి చెమ్మ. డిసెంబరులో హార్సిలీ హిల్స్ వెళ్లాం. ఎత్తు 4,000 అడుగుల పైచిలుకు, రాత్రి బాగా చలి. కిటికీలన్నీ బిగించి పడుకున్నాం. తెల్లవారుజామున నా కనుబొమ మీద చుక్క పడింది. వాన అనుకున్నాను. టార్చి వేసి చూస్తే పైకప్పు అంతటా కాదు, ఇనుప పైపులు ఉన్న గీతల వెంబడి మాత్రమే ముత్యాల వరుసల్లా నీటి బొట్లు. పైపుల మధ్య థర్మోకోల్ పెట్టాం గానీ, పైపు ఒక పక్క బయటి రేకుకు, మరో పక్క లోపలి చెక్కకు ఆని ఉంది. చలి దాని గుండా తిన్నగా లోపలికి వచ్చేసింది. ఇద్దరం వదిలిన ఊపిరంతా అక్కడ పేరుకుంది. మే నెలలో ఎండ కూడా అదే దారిన వచ్చింది లెండి, తిరుపతిలో మధ్యాహ్నం ఆ పైపు మీద చెయ్యి ఆనించలేకపోయాం. తరువాత పైపుకూ లోపలి చెక్కకూ మధ్య అరంగుళం చెక్క పట్టీ, ఫోమ్ టేపు వేయించాం. కింద ఒక గాలి రంధ్రం, పైన ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంచుతాం, దోమతెర బిగించి. కప్పుకు తెల్ల రంగు. ఇంత చేసినా మే నెల మధ్యాహ్నం అందులో కూర్చోలేం. చింతచెట్టు కింద ఆపడమే మందు. చలికి భయపడి మాత్రం బొగ్గుల కుంపటి లోపల పెట్టవద్దు. ఆ విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

రెండోది మరుగుదొడ్డి. మూత ఉన్న బకెట్టు, రంపపు పొట్టు, చుట్టూ తెర. నవ్వేవాళ్లు నవ్వండి. రాత్రి రెండు గంటలకు పెట్రోలు బంకు వెతుక్కుంటూ నడిచిన ఆడవాళ్లు నవ్వరు. రాత్రి బస మాత్రం దీపాలున్న పెట్రోలు బంకులోనే, యజమానిని అడిగి.

ఇంకో ఇబ్బంది. మా గదికి పక్కన పైకి లేచే పలక ఉంది. కాణిపాకం దగ్గర పొద్దున అది ఎత్తి పెట్టి కాఫీ కాస్తుంటే నలుగురు వచ్చి వరుసలో నిలబడ్డారు. ఒకాయన ఇడ్లీ ఎంత అని అడిగారు. లేవంటే "దోశైనా పర్వాలేదు" అన్నారు.

పన్నెండు_ఓల్టులు:
టీచర్ గారూ, ఆ కాఫీ ఏ పొయ్యి మీద? గ్యాస్ సిలిండర్ లోపల ఉంటే ఒక మాట. వంటగ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. సరిగ్గా మనం పరుపు వేసుకునే ఎత్తులో. కాబట్టి సిలిండర్ పెట్టే గూటికి నేల మట్టాన బయటికి రంధ్రం ఉండాలి, ఆ గూడు గది లోపలికి తెరుచుకోకూడదు. నేనైతే 5 కిలోల సిలిండర్, పొయ్యి రెండూ కిందికి దింపి బయటే వండుతాను.

కరెంటు విషయం. 12.8 ఓల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే 1,280 వాట్ అవర్లు. 30 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే 300. దీపాలు, ఫోన్లు కలిపినా రెండు రాత్రులు హాయిగా గడుస్తాయి. ఏసీ అడిగేవాళ్లకు: ఒక టన్నుది గంటకే దీన్ని దాదాపు తాగేస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ చవక అని తెచ్చుకుంటే అదే సామర్థ్యానికి 30 కిలోల దగ్గర మోయాలి, యాసిడ్ ఆవిరితో కలిసి పడుకోవాలి. బ్యాటరీ నుంచి వచ్చే మొదటి జానెడు తీగలోనే ఫ్యూజు ఉండాలి. నా దగ్గరికి బాగుకు వచ్చిన ఒక బండిలో ఫ్యూజు దీపం దగ్గర పెట్టారు. మధ్యలో తీగ పైపు అంచుకు ఒరుసుకుని తొడుగు కరిగింది, పరుపు అంచు నల్లబడింది. అదృష్టం, మెలకువగా ఉన్నారు.

మదనపల్లె_టీచర్:
పొయ్యి పలక మీద, సిలిండర్ నేల మీద, బయటే. మీరు చెప్పాక గ్యాస్ పైపు లీకవుతోందేమో ఒకసారి సబ్బు నీళ్లతో చూసుకుంటాను.

భాకరాపేట_మలుపు:
గదిని తొట్టికి ఎలా కడుతున్నారో ఎవరూ చెప్పలేదు. నేను తాళ్లతో కట్టాను. తలకోన వెళ్లి వస్తూ భాకరాపేట ఘాట్‌లో గట్టిగా బ్రేకు వేస్తే 300 కిలోల గది నాలుగు వేళ్లు ముందుకు జరిగి క్యాబిన్ వెనక అద్దానికి ఆనింది. అద్దం పగల్లేదు, గుండె ఆగింది. తొట్టి నేల నున్నటి రేకు, గది అడుగు నున్నటి రేకు, మధ్యలో దుమ్ము. జారకేం చేస్తుంది?

ఇప్పుడు అడుగున పాత కన్వేయర్ బెల్టు ముక్కలు పరిచాను. గ్రానైట్ క్వారీల దగ్గర పాతవి దొరుకుతాయి. ముందు వైపు అడ్డంగా చెక్క దిమ్మె బిగించాను. నాలుగు మూలలా తాడు కొక్కేలకు టర్న్ బకిళ్లు, అంటే తిప్పి బిగించే మరలు, వేశాను. ఇరవై కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించాలి, మొదట్లో తప్పకుండా వదులవుతాయి.

దింపడానికి చెట్టుకొమ్మకు చైన్ పుల్లీ వేసే ఆలోచన ఉంటే మానుకోండి. గదికి నాలుగు మూలలా, తొట్టి వెడల్పుకు బయటగా, తీసి పెట్టే పైపు కాళ్లు చేయించండి. ఒక్కో మూల జాకీతో అంగుళం ఎత్తి పిన్ను వేయాలి, తరువాత పక్క మూల. నాలుగూ అయ్యాక మళ్లీ మొదటికి. ఓపిక ఉంటే ఇద్దరితో గంటన్నర. కాళ్ల కింద మందపాటి పలకలు వేయండి, మట్టి నేలలో ఒక కాలు దిగితే గది మీద పడుతుంది. గది తేలాక బండిని ముందుకు తోలేయడమే.

రేణిగుంట_కొత్తవాడు:
దీంతో తిరుమల కొండకు వెళ్లవచ్చా?

పాకాల_పాతబండి:
అలిపిరిలో ప్రతి బండినీ విప్పి చూస్తారు. సిలిండర్, కత్తులు, సొరుగులు అన్నీ తెరిచి చూపిస్తూ వెనక వాహనాల హారన్లు వినే సరదా ఉంటే ప్రయత్నించు నాయనా. నేను బండి కిందే ఉంచి బస్సులో వెళ్తాను.

తోతాపురి_బండి:
మూడు నెలల తరువాత వచ్చాను. మీరు చెప్పినవన్నీ దాదాపు చేశాను. బయట అల్యూమినియం, లోపల 4 ఎం.ఎం. ప్లై, మధ్యలో చెక్క పట్టీ, కింద కన్వేయర్ బెల్టు. కాటా చీటీ: గది 335 కిలోలు, పరుపుతో సహా. షట్టర్ దగ్గర మూడంగుళాలు మిగిలింది, ఖాళీ బండి మీద కొలిచిందే. కార్యాలయంలో ఫోటోలు చూపిస్తే, కట్టిన లోడుగానే ఉండాలి, మనుషులు ఎక్కకూడదు అన్నారు. రాతలో అడిగాను, ఇవ్వలేదు. బీమా వాళ్ల జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా దూర ప్రయాణం లేదు. మొన్న కల్యాణి డ్యామ్ దాకా వెళ్లి సాయంత్రానికి వచ్చేశాం.

వచ్చే వారం నుంచి కాయలు. నిన్న నేనూ బావమరిదీ కలిసి గదిని కాళ్ల మీదికి ఎత్తాం. గంటన్నర అన్నారు, మాకు మూడున్నర పట్టింది. గది కింది నుంచి బండి బయటికి వచ్చేసరికి మా అమ్మ చీర కొంగుతో మొహం కప్పుకుంది, పడిపోతుందని. పడలేదు. ఈరోజు పొద్దున చూస్తే ఆ కప్పు మీద ఆవిడ వడియాలు ఎండబెట్టి ఉంది. తెల్ల రంగు కప్పు, చుట్టూ మూడడుగుల ఎత్తులో కాకులు. తీయమంటే కాయల కాలం అయ్యేదాకా అది నాకిచ్చేయమంటోంది.

ఒక్క సమస్య మిగిలింది. వెనక తలుపు కింది అంచున వాన నీళ్లు లోపలికి చిమ్ముతున్నాయి. సిలికాన్ రెండుసార్లు పూశాను, తలుపు తెరిచి మూసేసరికి చిరిగిపోతోంది. బస్సుల తలుపులకు వేసే రబ్బరు బీడింగు చిల్లరగా తిరుపతి ఆటోనగర్‌లో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా? పన్నెండు అడుగులు చాలు.