ఆటోమేటిక్ వాతావరణ పటాలపై స్థానిక సమయాన్ని సరిగ్గా చూపడం ఎలా?

ప్రశ్న

జీఎఫ్ఎస్ (అమెరికా వారి ప్రపంచ వాతావరణ అంచనా నమూనా) అంచనాలు వెలువడిన ప్రతిసారీ, అంటే రోజుకు నాలుగుసార్లు, వాటిని దించుకుని ఉష్ణోగ్రత, వర్షపాతం పటాలు గీసే పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. ఫైళ్లలో సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది కాబట్టి న్యూయార్క్ పటాల శీర్షికలో ఐదు గంటలు తీసివేసి చూపుతున్నాను. శీతాకాలమంతా బాగానే నడిచింది గానీ, మార్చిలో అక్కడ వేసవి సమయం కోసం గడియారాలు గంట ముందుకు జరిపినప్పటి నుంచి ప్రతి పటమూ ఒక గంట తక్కువ చూపిస్తోంది. ఏటా రెండుసార్లు స్క్రిప్టును చేత్తో సరిదిద్దే అవసరం లేని పద్ధతి ఉంటే దయచేసి తెలియజేయగలరు.

సమాధానం 1

గంటలు కలపడం, తీసివేయడం పూర్తిగా మానేయండి. యూటీసీతో ఒక ప్రాంతానికి ఉండే తేడా తేదీని బట్టి మారవచ్చు. ఆ మార్పులన్నీ ఐఏఎన్ఏ టైమ్‌జోన్ డేటాబేస్‌లో నమోదై ఉంటాయి, పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో మాడ్యూల్ వాటిని నేరుగా చదువుతుంది. ఇలాంటి ఫైళ్లను చదివే ఎక్స్‌అరే లైబ్రరీ ఇచ్చే సమయాలకు టైమ్‌జోన్ గుర్తు ఉండదు కనుక, పాండాస్ లైబ్రరీలో ముందు టీజెడ్_లోకలైజ్‌తో అవి యూటీసీ అని చెప్పి, ఆ తరువాతే టీజెడ్_కన్వర్ట్‌తో ‘అమెరికా/న్యూయార్క్’కు మార్చాలి. మొదటి అడుగులోనే న్యూయార్క్ పేరు ఇస్తే యూటీసీ మధ్యాహ్నం 12 కాస్తా న్యూయార్క్ మధ్యాహ్నం 12 అయిపోతుంది. మామూలు రోజుల్లో ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి ఈ తప్పు చాలాకాలం బయటపడదు.

సమాధానం 2

పై సూచనతో ఏకీభవిస్తున్నాను, అయితే ఈ మార్పిడి శీర్షికకే పరిమితం కావాలి. ఫైలు పేర్లలో స్థానిక సమయం పెడితే, గడియారాలు గంట వెనక్కి జరిపే నవంబర్ మొదటి ఆదివారం న్యూయార్క్‌లో యూటీసీ 5 గంటల పటానికీ, 6 గంటల పటానికీ ‘రాత్రి 1:00’ అనే పేరే వస్తుంది; రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. నేను సరిగ్గా ఇలాగే ఒక గంట పటాన్ని పోగొట్టుకున్నాను.

సమాధానం 3

రోజువారీ వర్షపాతం లెక్కలో మరింత జాగ్రత్త అవసరం. జీఎఫ్ఎస్ సమాచారం మొదటి 120 గంటల వరకు గంటకోసారి, ఆ తరువాత మూడు గంటలకోసారి ఉంటుంది. ఖాట్మండు సమయం యూటీసీ కంటే 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది కాబట్టి అక్కడి అర్ధరాత్రి యూటీసీ 18:15కు వస్తుంది, ఆ క్షణానికి సమాచారమే ఉండదు. అలాంటి చోట ‘నేటి వర్షం’ అని రాయడం కంటే ఏ సమయం నుంచి ఏ సమయం వరకు కూడినదో పటం మీదే రాయడం నిజాయితీ. గ్రాఫులు కూడా గీస్తుంటే, మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలో సమయాన్ని అక్షరాల్లో చూపే డేట్‌ఫార్మాటర్‌తో పాటు అక్షం మీద గుర్తు గీతలు ఎక్కడ పడాలో నిర్ణయించే లొకేటర్‌కూ టైమ్‌జోన్ ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ఫైలు పేర్లన్నీ యూటీసీకి మార్చాను. శీర్షికలో స్థానిక సమయం పక్కనే ఈడీటీయో (అక్కడి వేసవి సమయం) ఈఎస్‌టీయో (శీతాకాల సమయం) కనబడేలా చేసి, దాని కింద చిన్న అక్షరాలతో యూటీసీ సమయం కూడా ఉంచాను. గత నవంబర్ సమాచారంతో నడిపి చూస్తే రెండు ‘రాత్రి 1:00’ పటాలూ వేర్వేరుగా వచ్చాయి.