‘పొమ్మనుటే చాలు’నా, ‘చావు’నా?

అమెరికన్ జాంబీ సీరియల్ వాకింగ్ డెడ్ ఎనిమిదో సీజన్ ఆఖరి ఎపిసోడ్ మళ్ళీ చూశాను. హీరో రిక్ తన చేత్తోనే శత్రువు నీగన్ గొంతు కోసి, మరుక్షణం డాక్టర్ సిద్దిక్‌ని పిలిచి బతికించమంటాడు. ఎవరైనా అలా చేస్తారా అనుకుంటుంటే వేమన పద్యం “చంపదగినయట్టి శత్రువు తనచేత” గుర్తొచ్చింది. మూడో పాదం ఆఖరు “పొమ్మనుటే చాలు”నా, “చావు”నా?

— చాలు. అందరూ చదివేది అదే.

— మా ఇంట్లో చావు అనే చదివేవారు. మేలు చేసి పంపేస్తే శత్రువుకి అదే చావు. “చాలు” అంటే ఉత్త సలహాగా మిగులుతుంది, వేమన మూడో పాదాన్ని అంత చప్పగా వదలడు.

— ఛందస్సు ఏమీ తేల్చదండీ. యతి “పొ” దగ్గరే కుదిరిపోయింది, “టే చాలు” అన్నా “టే చావు” అన్నా తగణమే.

— అసలు రిక్ పొమ్మనలేదుగా, జైల్లో పెట్టాడు! కొడుకు కార్ల్ చనిపోతూ కోరింది అదే కాబట్టి ఆ దయ నాకు నమ్మేలానే ఉంది. నమ్మబుద్ధి కానిది మాగీని ఒక్క మాటైనా అడగకపోవడం. నీగన్ చంపింది ఆమె భర్త గ్లెన్‌ని కదా.

— పొమ్మనడం అంటే రెండో సీజన్‌లో రిక్ వాళ్ళకి బందీగా చిక్కిన రాండల్. దూరంగా వదిలేద్దామని తీసుకెళ్ళారు, వాడు మాగీ తనకు తెలుసనగానే తాము తలదాచుకున్న పొలం చోటు కూడా తెలిసే ఉంటుందని వెనక్కి తెచ్చారు. అక్కడ పొమ్మంటే చావు వీళ్ళకే. ఆ సీరియల్ మొత్తంలో అంత సబబైన భయం ఇంకోటి లేదు.

— వేమనకంటే సుమతి సూటిగా చెప్పింది. “అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు నీతిపరుడు సుమతీ”.

— “నేర్పరి” అండీ! నీతిపరుడు “వినదగు నెవ్వరు చెప్పిన” పద్యంలోది, ఇక్కడ పెడితే రెండు మాత్రలు మిగిలిపోతాయి. పైగా పద్యం బలమంతా ఆ మాటలోనే ఉంది. బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి రాసినవాడు, అపకారికి ఉపకారం చేయడాన్ని మంచితనం అనలేదు, నేర్పు అన్నాడు. తొమ్మిదో సీజన్‌లో మంచు తుపానులోకి వెళ్ళి రిక్ కూతురు జూడిత్‌ని కాపాడింది ఆ నీగనే.

— అది రిక్ నేర్పు ఎలా అవుతుంది? అతను ముందే ఊహించి చేశాడా? ఇంతకీ “నెపమెన్నక” అంటే తప్పులెంచక అంటారు టీకల్లో, నాకు మాత్రం సాకు వెతకక అనే తోస్తుంది. ఆ లెక్కన కార్ల్ మాట కూడా రిక్‌కి నెపమేగా?

— కాదు. ఎన్నడం తప్పులనే. “తప్పులెన్ను వారు తండోపతండంబు” చూడండి, మళ్ళీ వేమనే.